ఫిబ్రవరిలో ఎండబోసిన వడ్లు

“వాడు సచ్చిండని నాకు సంతోషమే,” అంది సుకన్య. “రాసుకోండ్రి. ఎంత పెద్దగ రాసుకుంటరో రాసుకోండ్రి.”

నేను రాసుకోలేదు. గుమ్మం దగ్గర కాపలా ఉన్న కానిస్టేబుల్ మాత్రం గబగబా జేబులోంచి పెన్ను తీశాడు. వాడికి కావలసింది దొరికింది. నాకు కావలసింది ఇంకా దొరకలేదు.

నా పేరు ఏసుదానం. నిజామాబాద్ కంఠేశ్వర్‌లో ఒక పళ్ల క్లినిక్ మేడ మీద నా డిటెక్టివ్ ఏజెన్సీ. పెళ్లికొడుకుల గుట్టు విప్పడం, దొంగ ఇన్సూరెన్స్ క్లెయిములు పట్టుకోవడం నా రోజువారీ పని. ఈ ఉదయం నేను తాళం తీసేసరికి హన్మవ్వ అనే ముసలామె మెట్ల మీద కూర్చుని ఉంది. “నా కోడలిని జైలుకు తోల్కపోతుండ్రు సారూ. దాని నోరు సూసి మోసపోకు. అది తిడతది గని సంపదు,” అంది. ఆ మాటకే స్కూటర్ బయటికి తీశాను.

సంగతి ఇది. గున్నంపేట నవీపేట్ దాటాక వస్తుంది. రైల్వే గేటు దగ్గర ఆగి విసిగిపోయిన బండ్లు మెయిన్ రోడ్డు వదిలి, ఈ ఊరి బడి గల్లీలో దూరి, బోధన్ వైపు తేలతాయి. గేటు దగ్గర పోయిన టైమంతా ఈ గల్లీలోనే రాబట్టుకోవాలి వాళ్లకు. పోయిన ఆగస్టులో సుకన్య కూతురు అంకిత, రెండో తరగతి పిల్ల, బడి నుంచి ఇంటికి వస్తుంటే ఒక జీపు గుద్ది చంపింది. జీపు కాంట్రాక్టర్ రాజారాంది. నడిపింది నేనేనని అతని డ్రైవర్ నితీష్ ఒప్పుకున్నాడు, బెయిలు మీద బయటికొచ్చాడు. నిన్న పొద్దుగూకిన కాసేపటికి అదే నితీష్, అదే గల్లీలో చచ్చాడు. సుకన్య రోడ్డు మీద ఎండబోసిన వడ్లు, ఆ వడ్ల చుట్టూ పెట్టిన రాళ్లు, ఒక రాయికి తగిలి ఎగిరిపడ్డ బైకు. సి.ఐ. ప్రశాంత్‌కు ఇంతకంటే ఏం కావాలి? బోధన్ నుంచి ఆడ కానిస్టేబుల్ నాలుగింటికి వస్తుంది. రాగానే అరెస్టు.

నా చేతిలో మధ్యాహ్నం ఒక్కటే ఉంది.

“వడ్లు ఎవరివి?” అడిగాను.

“నావి.”

“రాళ్లు?”

“నావే. నిన్న పగటిపూట గల్లీల ఆడోళ్లం అందరం కూసోని సున్నం పూసినం.”

“నితీష్ వస్తాడని తెలుసా?”

“అంతకుముందు రెండుసార్లొచ్చిండు. వాకిట్ల నిలబడి నిలబడి పోయిండు. నేను తలుపు తియ్యలే. ఎందుకు తియ్యాలె? నా బిడ్డను తొక్కినోనికి చాయ పోసియ్యాన్నా?”

“నిన్న ముందుగా వాడి దగ్గరికి చేరింది ఎవరు?”

“నేనే. సప్పుడైతే ఉరికిన.”

ఆమె చీర మార్చుకోలేదు. మోకాళ్ల మీద కుచ్చిళ్ల దగ్గర రక్తం ఎండి నల్లగా గట్టిపడింది. కొంగుకు కాదు, చేతికి కాదు, సరిగ్గా ఒళ్లో. పక్కకు లాగితే అంటుకునే రక్తం కాదది. తల ఒళ్లో పెట్టుకుంటే అంటుకునే రక్తం.

“చచ్చినందుకు సంతోషమన్నావు. మరి వాడి తల ఒళ్లో ఎందుకు పెట్టుకున్నావు?”

సుకన్య మొదటిసారి నా వైపు చూసింది. కళ్లు పొడిగా ఉన్నాయి. ఏడుపు ఆగస్టులోనే అయిపోయినట్టుంది. ఇప్పుడు అక్కడ మిగిలింది వేరే ఏదో. నేను కొంచెం వెనక్కి జరిగాను, ఒప్పుకుంటాను.

“ఏమన్నాడు?” అడిగాను.

“ఏమనలే.”

“ఏమీ అననివాడి తలను అంబులెన్సు వచ్చేదాకా పట్టుకున్నావా?”

ఆమె వేలు కుచ్చిళ్ల మీది ఎండిన మరకను గీరింది. తర్వాత, “‘నీకేం గాలేదా అక్కా?’ అన్నడు. గంతే,” అంది.

“ఇంకా?”

ఆమె చూపు గోడకు పోయింది. మేకుకు చిన్న స్కూలు సంచీ వేలాడుతోంది. “గంతే,” అంది మళ్లీ.

మొదటి ‘గంతే’ నిజం. రెండోది అబద్ధం. అబద్ధాలు విని విని నా చెవులకు ఆ తేడా పట్టుబడింది. కానీ ఆమె దవడ బిగిసిన తీరు చూస్తే, గొడ్డలితో కొట్టినా ఆ నోరు తెరుచుకోదని అర్థమైంది.

“నేను చంపలేదు అని ఒక్క మాట సి.ఐ.తో చెప్పొచ్చు కదమ్మా.”

“చెప్తే నమ్ముతడా? జైలంటే నాకు భయం లేదన్నా. చిన్న పని ఉన్నది. అది కానియ్యి. ఆడపోలీసు వచ్చేదాక నన్ను ఇడ్సిపెట్టుండ్రి.”

ఆ పని ఏమిటని అడగాల్సింది. అప్పుడు నా బుర్రలో ఇంకో ప్రశ్న తిరుగుతోంది. బైకు మీంచి పడి తల పగిలినవాడు, తానే చస్తూ, ఎదుటి మనిషిని ‘నీకేం గాలేదా’ అని ఎందుకు అడుగుతాడు?

---

హన్మవ్వ నన్ను రోడ్డు మీదికి తీసుకుపోయింది. పోలీసులు కట్టిన తాడు లోపల వడ్లు అలాగే ఉన్నాయి. బడి గోడ నుంచి సుకన్య వాకిలి దాకా, రోడ్డులో సగం వెడల్పున, నల్లటి టార్పాలిన్ పట్టా కప్పి, అంచుల మీద రాళ్లు పెట్టి.

“అవ్వా, ఇది ఫిబ్రవరి,” అన్నాను. “యాసంగి నాట్లు మొన్ననే అయినయ్. ఊళ్లె ఎవరింట్ల చూసినా పసుపు ఉడుకుతున్నది. ఇప్పుడు వడ్లు ఎండబోసుడేంది?”

ముసలామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

నేను పట్టా కింద చెయ్యి పెట్టి నాలుగు గింజలు తీసి కొరికాను. టక్కున విరిగాయి. పచ్చి అన్నది లేదు. దీపావళికి ముందే ఎండిపోయిన వడ్లు. వీటిని ఇంకా ఎండబెట్టడం అంటే కాలిన రొట్టెను మళ్లీ పెనం మీద వేయడమే. సి.ఐ. ప్రశాంత్ ఈ వడ్లను నిన్నటి నుంచి చూస్తున్నాడు. ఏ నెలలో ఏ పంట రోడ్డెక్కుతుందో ఆయనకు తెలియదు, అడగాలని తోచలేదు.

“చెప్పవ్వా.”

“ఏం చెప్పాలె సారూ? పిల్ల పోయినంక గల్లీ అంత కలిసి దర్కాస్తు ఇచ్చినం. స్పీడ్ బ్రేకర్ వెయ్యుండ్రి, బడి ముంగట బండ్లు మెల్లగ పోవాలెనని బోర్డు పెట్టుండ్రి అని. రోడ్ల కమిటీ ఒప్పుకోవాలె, చట్టం ఉన్నది అన్నరు. ఆగలేక మేమే సిమెంటు పోసి కట్ట కట్టుకున్నం. పర్మిషన్ లేదని జేసీబీ తెచ్చి తవ్వేసిండ్రు. రాజారామే కంప్లేంట్ ఇచ్చిండు, వాని టిప్పర్లు తిరగాలె గద.”

“తర్వాత?”

“కోతలొచ్చినయ్. అందరి లెక్కనే మేము గూడ వడ్లు రోడ్డు మీద పోసినం. బండి బండి మెల్లగయ్యింది సారూ! లారీవోడు సుత బ్రేక్ కొట్టి, పక్కకెళ్లి పాకుకుంట పోయిండు. వడ్ల మీద టైరు జారుతదని భయం, రైతు ఉరికొచ్చి కొడతడని భయం. పిల్లల మీద లేని భయం వడ్ల మీద ఉన్నది. గందుకే సుకన్య మల్ల ఎత్తలే. దినాం బడి టైముకు కాళ్లతోని దున్నుతది, పొద్దుగూకంగ పట్టా కప్పుతది. పెనిమిటి మస్కట్ల ఉన్నడు, ఇది ఈడ రోడ్డు కావలి ఉంటది.”

రోడ్డు మీద వడ్లు పోయవద్దని కూడా నియమం ఉంది. కానీ రైతు గింజను ఎత్తేయమని చెప్పే ధైర్యం ఏ ఆఫీసరుకూ లేదు. అట్లా ఒక పిల్ల తల్లి, కొత్త పంట వచ్చేదాకా, పాత పంటతో వీధిని కాపాడుకుంటూ వచ్చింది. నాకు కోపం వచ్చింది. రోడ్డు మీద ఒక గట్టు వేయడానికి ఇన్ని నెలలు పడుతుందా?

రాళ్ల దగ్గర కూర్చున్నాను. ప్రతి రాయికీ ఒక ముఖానికే సున్నం.

“సున్నం తక్కువ పడ్డదవ్వా?”

“అవును సారూ. గేటు దిక్కు నుంచే గద జోరుగొచ్చేది. గా దిక్కు ముఖానికే పూసినం, చీకట్ల తెల్లగ కనవడాలెనని.”

బోధన్ వైపు చివర రాళ్లన్నీ ఆమె చెప్పినట్టే ఉన్నాయి. గేటు వైపు మొదటి వరస మాత్రం తిరగబడి ఉంది. సున్నం ముఖం బడి వైపు, నల్ల ముఖం గేటు వైపు. గేటు నుంచి వచ్చేవాడికి చీకట్లో నల్ల రోడ్డు, నల్ల పట్టా, నల్ల రాయి. బైకు తగిలిన రాయి ఒకటి దొర్లిపోయింది సరే, మిగిలినవి కదలకుండానే ఒక్క తీరుగా తిరిగి ఉన్నాయి. ఎవరో వంగి, ఒక్కొక్కటే తిప్పారు.

పట్టా ఎత్తాను. పాదాలతో దున్నిన సాళ్లు, చివరి దాకా తిన్నగా, దువ్వెనతో దువ్వినట్టు. గేటు వైపు మూల మీదుగా మాత్రం సాళ్లను అడ్డంగా తొక్కేస్తూ వెడల్పాటి అడుగులు పోయాయి. రాళ్లు ఎత్తినప్పుడు పట్టా గాలికి లేచి ఉంటుంది. దాన్ని లాగి పరచడానికి రాళ్లు తిప్పినవాడు వడ్ల మీదుగా నడిచాడు. మడమ దిగిన చోట గింజలు నలిగి, కంకర పొడి అంటి ఉంది. వేసుకున్నది బూటు.

“మీ గల్లీల ఎవరన్నా చెప్పులతోని వడ్లు తొక్కుతారా అవ్వా?”

హన్మవ్వ చెంపలు వేసుకుంది. “కాళ్లు కడుక్కోని గద దిగుతం! తిండి సారూ అది.”

అంచున ఉన్న గింజల మీద సున్నం తుంపరలు పడి ఎండాయి. తెల్ల చుక్కల వడ్లు. నాలుగు గింజలు కాగితంలో పొట్లం కట్టుకున్నాను.

---

“సీన్‌లో చేతులు పెట్టొద్దని మీకు ఎన్నిసార్లు చెప్పాలి, ఏసుదానం గారూ?”

సి.ఐ. ప్రశాంత్ గొంతు. మా ఇద్దరికీ పడదు. ఆయన మూసేసిన కేసు ఒకటి పోయినేడు నేను తెరిచాను. అప్పటి నుంచి నా పేరు చివర ‘గారూ’ చేరింది, చేదుగుళికకు చక్కెర పూసినట్టు.

“మీరు పట్టా ఎత్తి చూశారా సి.ఐ. గారూ?”

“ఎందుకు? వడ్లే కదా.”

“మీవాళ్లు ఎవరైనా ఎత్తారా?”

“ఎవరూ ఎత్తలేదు. చావు కారణం రాయి. రాయి పెట్టింది ఆమె. కూతురు చచ్చింది ఆమెకు. వాడు చచ్చినందుకు సంతోషమని చెప్పింది కూడా ఆమె. ఇంకేం కావాలి మీకు?”

“చంపాలనుకున్న మనిషి మధ్యాహ్నమంతా కూర్చుని రాళ్లకు సున్నం పూస్తుందా? పూయకుండా ఊరుకుంటే సరిపోయేది కదా. ఎవరూ అడిగేవాళ్లు కాదు. పూసి, మళ్లీ తిప్పిందంటారా?”

నేను చూపించిన నల్ల ముఖాల వైపు ఆయన వంగుతుండగా తాడు అవతల ఒక జీపు ఆగింది. స్టీరింగు వదిలి దిగింది కాంట్రాక్టర్ రాజారాం. తెల్లటి చొక్కా, మెడలో కండువా, మొహం నిండా విచారం. ఆ విచారం ఇంట్లో అద్దం ముందు తయారు చేసుకొచ్చినట్టుంది.

“పాపం పోరడు,” అన్నాడు. “నా ఇంట్ల పిల్లగాని లెక్క పెరిగిండు. సి.ఐ. సాబ్, ఒక్క మాట. సోమవారం కమిటీ వస్తదట, గీ గల్లీకి స్పీడ్ బ్రేకర్ ఇయ్యాల్నా వద్దా అని సూడనీకె. ఒక పానం పోయినంక ఇంకేం కమిటీ సాబ్? రోడ్డు మీద ఏది అడ్డం పెట్టినా పానం తీస్తదని తెలిసిపాయె. ముందుగాల ఈ వడ్లు సాఫ్ చేపియ్యుండ్రి.”

“నిన్న సాయంత్రం ఇటొచ్చినవా రాజారాం?” అడిగాను.

“నేనా? నిజామాబాద్‌ల పెండ్లిల ఉన్న. ఈ గల్లీల అడుగు పెట్టక నెల దాటింది.”

“వడ్ల వ్యాపారం కూడా ఉన్నదా?”

“నాది ఇసుక, కంకర. వడ్ల జోలికి పోను. ఎందుకు అడుగుతున్నవ్?”

“ఊకెనే.”

జీపు తలుపు తెరిచే ఉంది. చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగాను. డ్రైవరు సీటు ముందు రబ్బరు పట్టా గీతల్లో, క్లచ్ కింద, రెండు వడ్లగింజలు ఇరుక్కుని ఉన్నాయి. ఒకదాని వీపు మీద తెల్లటి చుక్క. గోటితో లాగి పిడికిట్లో దాచాను. రాజారాం గమనించలేదు. సుకన్య ఇంటి వైపు చూస్తున్నాడు. గుమ్మంలో ఆమె నిలబడి ఉంది, ఆమె కూడా అతన్నే చూస్తోంది. కోపం కాదు, తిట్టు కాదు. సంతలో కోడిపుంజును బరువు అంచనా వేసే చూపు.

రాజారాం వెళ్లిపోయాడు. సి.ఐ. కానిస్టేబుల్‌ను పిలిచి, ఫొటోలు అయిపోయాయి, వడ్లు ఎత్తించెయ్యి అన్నాడు. నేను అరిచాను. ఆయన వినలేదు. సుకన్య మాత్రం ఒక్క మాట కూడా అనకుండా చీపురు తీసుకుని బయటికొచ్చింది.

---

గల్లీ చివర పంచాయతీ ఆఫీసులో కూర్చుని నా పొట్లం విప్పాను. వడ్ల అంచున తీసిన గింజలు ఒక పక్క, జీపులో దొరికిన గింజ ఇంకో పక్క.

“నిజామాబాద్ జిల్లాలో వడ్లగింజ లేని బండి చూపించండి నాకు,” అన్నాడు ప్రశాంత్.

“సున్నం చుక్క ఉన్న వడ్లగింజ ఇంకో బండిలో మీరు చూపించండి. ఆ సున్నం నిన్న మధ్యాహ్నం పూసింది. అతను నెల నుంచి ఈ గల్లీలో అడుగు పెట్టలేదు. వడ్ల జోలికి పోడు. ఆ రెండూ మీ ముందే చెప్పాడు.”

ఆయన గింజను వెలుతురుకు పట్టి చూశాడు.

“నితీష్ ఫోన్ మీ దగ్గరే ఉంది కదా. చివరి కాల్ ఎవరిది?”

చెప్పడానికి ఆయనకు ఇష్టం లేదు. “రాజారాంది. పొద్దుగూకాక. రేపు పనికి రమ్మని చెప్పాడట. ఓనరు డ్రైవరుకు ఫోన్ చేస్తే నేరమా?”

“రేపు పనికి రమ్మంటే వాడు చీకట్లో బైకు వేసుకుని అంత జోరుగా సుకన్య ఇంటికి ఎందుకు పరుగెత్తాడు? చచ్చేముందు ఆమెను ‘నీకేం గాలేదా అక్కా’ అని ఎందుకు అడిగాడు?”

ప్రశాంత్ కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

“సుకన్య పురుగుల మందు తాగింది, జల్ది పో అని ఎవరో చెప్పారు,” అన్నాను. “అంతకంటే ఆ మాటకు వేరే అర్థం లేదు. వాడు అంతకుముందు రెండుసార్లు వచ్చి వాకిట్లో నిలబడిపోయాడు. ఏదో చెప్పుకోవాలని వచ్చాడు. ఆ చెప్పేది బయటికి రాకూడదని ఒకడు రాళ్లు తిప్పాడు, తిప్పి ఫోన్ చేశాడు. నితీష్ నోరూ పోతుంది, నేరం తల్లి మీద పడుతుంది, కమిటీ వెనక్కి పోతుంది, టిప్పర్లు హాయిగా తిరుగుతాయి. ఒక్క రాయితో ఇంత పని. ఇప్పుడు చెప్పండి, ఆగస్టులో ఆ జీపు నడిపింది నిజంగా నితీషేనా?”

తలుపు దగ్గర అలికిడైంది. హన్మవ్వ. పరుగెత్తుకొచ్చినట్టుంది, గోడ పట్టుకుని ఊపిరి తీసుకుంటోంది.

“సారూ, రోడ్డంత ఊడ్సి సంచులకెత్తింది. దినాం వడ్ల కోసం ఊరంతటితోని కొట్లాడేది, ఇయ్యాల పోలీసాయన ఎత్తమంటే కిక్కురుమనలే. మస్కట్‌కు ఫోన్ చేస్త అని ఆయన ఫోనే అడిగి తీస్కున్నది. గీ టైముల నా కొడుకు డ్యూటీల ఉంటడు సారూ. ఫోనెత్తడు. నాకు తెల్సు, దానికీ తెల్సు.”

మస్కట్‌కు కాకపోతే ఆమె పిలిచేది ఒక్కడినే. సి.ఐ. వెంటనే రాజారాంకు ఫోన్ కలిపాడు. మోగింది. ఎత్తలేదు. బండి నడిపేవాడు ఎత్తడు.

నేను అప్పటికే వీధిలో పరుగెత్తుతున్నాను.

---

అన్ని నెలల్లో మొదటిసారి బడి గల్లీ నున్నగా, ఖాళీగా ఉంది. వడ్లు లేవు, పట్టా లేదు, రాళ్లు లేవు. సంచులు వాకిట్లో గోడకు ఆనించి ఉన్నాయి. బడి గేటుకు కొంచెం అవతల, రోడ్డుకు అడ్డంగా చెరుకు ఆకు పరిచి ఉంది. ఈ చలికాలమంతా చెరుకు ట్రాక్టర్లు పోయిన ప్రతి తోవలో ఆకు రాలుతూనే ఉంటుంది. ఈ ప్రాంతంలో ఆకును చూసి బ్రేకు వేసేవాడు పుట్టలేదు.

కాలితో ఆకు పక్కకు నెట్టాను. కింద రాళ్లు. వరసగా, నల్ల ముఖం పైకి.

కానిస్టేబుల్ చాయ కోసం పోయాడట. పోయేముందు ఆకు మోపు మోయడానికి తానే ఒక చెయ్యి కూడా వేశాడట. తర్వాత తెలిసింది నాకు ఆ ముచ్చట.

సుకన్య గుమ్మంలో నిలబడి ఉంది.

“రాజారాంకు ఏం చెప్పినవ్?” అరిచాను.

“నితీష్ అంత చెప్పిండని చెప్పిన. వచ్చి నా కాళ్లు మొక్కితే ఇడ్సిపెడత, ఆడపోలీసు రాకముందే రా అని చెప్పిన.” గొంతులో వణుకు లేదు. “నా బిడ్డను తొక్కింది వాడే అన్నా. తాగి నడిపిండు. నితీష్ పక్కన కూసున్నడు. ‘నన్ను కేసుల పెట్టించిండు అక్కా, నేను నడపలే’ అని నా ఒళ్లె పానం ఇడిసిండు. వాన్ని పోలీసులకియ్యను. ఈ గల్లీకే ఇస్త.”

“బడి వదిలే టైము ఇది!”

“వాడు అంతకుముందే రావాలె. పిల్లలు వచ్చేలోపు అయిపోవాలె.”

అప్పుడే దూరంగా రైలు కూత వినిపించింది. గేటు పడి ఉంది. ఆమె లెక్కలో గేటు లేదు. ఇన్నేళ్లు ఆ గేటు పక్కనే బతికిన మనిషి, పగలో మునిగి దాన్నే మరిచిపోయింది.

రైలు పోయింది. గేటు లేచి ఉంటుంది. ఆ వెంటనే బడి గంట మోగింది.

సుకన్య మొహంలో రంగు పోయింది. ఒక్క ఉరుకున బడి గేటు దగ్గరికి పోయి, తోసుకొస్తున్న పిల్లల మొహాల మీదే ఆ ఇనుప గేటు మూసి, రెండు చేతులతో ఊచలు పట్టుకుని వీపు ఆనించి నిలబడింది. “ఆగుండ్రి! లోపలుండుండ్రి!” పిల్లలు ఏదో ఆట అనుకుని నవ్వుతూ నెట్టారు. ముందే బయటపడ్డ నలుగురు గోడ వారగా నడుచుకుంటూ వెళ్తున్నారు, సరిగ్గా ఆ ఆకు వైపే. జీపు రాళ్లకు తగిలి పల్టీ కొడితే పడేది ఆ గోడ మీదే.

మలుపు అవతల ఇంజిను గోల. గేటు దగ్గర పోయిన టైము రాబట్టుకుంటున్నవాడి గోల.

రాళ్లు ఏరే వ్యవధి లేదు. వాకిట్లో సంచి ఒకటి ఈడ్చాను. వెనకే చేరుకున్న హన్మవ్వ ఇంకో చెవి పట్టింది. మలుపు దగ్గరికి లాక్కుపోయి, జేబులో కత్తితో నిలువునా కోసి, రోడ్డుకు అడ్డంగా బోర్లించాం. వడ్లు జలజలా పారాయి. ముసలామె వంగి రెండు చేతులతో వాటిని తోస్తూ పరిచింది. చెప్పులు విడిచే మా ఇద్దరం ఆ గింజల్లో నిలబడ్డాం.

జీపు మలుపు తిరిగింది. రాజారాం వడ్లను చూశాడు.

అంత బ్రేకు నేను జన్మలో వినలేదు. చక్రాలు బిగుసుకుపోయాయి, బండి అడ్డం తిరిగి, ఈడ్చుకుంటూ వచ్చి, వడ్ల అంచుకు అవతలే ఆగిపోయింది. ముందు చక్రం ఒక్క గింజను కూడా తాకలేదు. రాజారాం స్టీరింగు పట్టుకుని తెల్లబోయి కూర్చున్నాడు, చొక్కా కంటే మొహమే తెల్లగా ఉంది.

నా వెనకే పరుగెత్తుకొచ్చిన ప్రశాంత్ తలుపు లాగాడు. “వడ్లే కదా రాజారాం. అంత భయమెందుకు?”

“రాళ్లు... మల్ల రాళ్లు తిప్పి పెట్టిండ్రేమో అని...”

“తిప్పి పెట్టారా? ఏ రాళ్లు?”

రాజారాం చెయ్యి గేరు వైపు పోయింది.

“రాళ్లు తిప్పిన సంగతి ఈ ఊళ్లో నాకూ ఏసుదానం గారికీ మాత్రమే తెలుసు,” అన్నాడు ప్రశాంత్ నెమ్మదిగా. “నీకెవరు చెప్పారు?” ఈసారి నా పేరు చివరి ‘గారి’లో చేదు లేదు. రాజారాం కాలర్ పట్టుకుని కిందికి దింపుతూ, పెండ్లి ఎవరిది, ఏ హాల్లో అని అడగడం మొదలుపెట్టాడు.

నేను చెరుకు ఆకు సంగతి ఆయనకు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నన్ను అడక్కండి. ఆయన రాజారాంను తీసుకుపోయే హడావిడిలో అటు చూడనే లేదు.

పిల్లలందరూ ఇళ్లు చేరాక సుకన్య బడి గేటు వదిలింది. అరచేతుల మీద ఊచల గుర్తులు ఎర్రగా పడి ఉన్నాయి. పోలీసు జీపు పోయిన వైపు తలెత్తి కూడా చూడలేదు. ఆకు పక్కకు నెట్టి, ఒక్కొక్క రాయీ ఎత్తి ఇంట్లోకి మోయసాగింది. అయిపోయింది, తల్లి మనసు చల్లబడింది అనుకున్నాను. నేనూ రెండు రాళ్లు ఎత్తుకుని ఆమె వెనకే లోపలికి పోయాను.

ఆమె వాటిని పారేయడం లేదు. స్కూలు సంచీ వేలాడుతున్న గోడ కింద, వరసగా పేర్చుకుంటోంది.

“ఎందుకమ్మా ఇవి?”

నా చేతిలోని రాళ్లు కూడా తీసుకుని, నల్ల ముఖం పైకి వచ్చేలా సర్ది పెట్టింది.

“నితీష్‌కు బెయిలొచ్చినట్టే వీనికీ వస్తది గద అన్నా,” అంది సుకన్య. “అప్పుడు నువ్వు ఎన్ని దినాలు పోస్తవ్ వడ్లు?”